గొలుసు విడిపించడమా, కొత్త నగ కొనడమా?

ప్రశ్న: మాది తెనాలి. మా వారు దర్జీ. రెండేళ్ల కిందట ఆయన సొంతంగా దుకాణం పెట్టుకునేటప్పుడు, నా పుట్టింటివారు పెట్టిన మూడు కాసుల గొలుసు తీసి ఇచ్చాను. దాన్ని బ్యాంకులో కుదువ పెట్టి, వచ్చిన 80,000 రూపాయలతో పవర్ మిషను, ఓవర్‌లాక్ మిషను కొన్నారు. ఏటా వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నాము గాని అసలు తీరలేదు. మొన్న బాబిన్ కోసం మిషను సొరుగు తీస్తే, అడుగున ఒక నగల దుకాణం స్కీము కార్డు కనిపించింది. నెలకు 2,000 చొప్పున ఏడు నెలలు కట్టినట్టు ముద్రలున్నాయి. వచ్చే మాఘంలో మా పదో పెళ్లిరోజు. ఆయన సాయంత్రం టీ ఎందుకు మానేశారో, తెగిన చెప్పును మిషను దారంతో కుట్టుకుని ఎందుకు తొడుక్కుంటున్నారో అప్పుడు అర్థమైంది. నేను కూడా చీరలకు ఫాల్స్ కుట్టిన డబ్బు, గొలుసు విడిపించడానికని ఆయనకు చెప్పకుండా పోపుల డబ్బాలో దాస్తున్నాను. 9,000 పోగైంది. కార్డు చూశానని చెబితే ఆయన చిన్నబుచ్చుకుంటారేమో, ఊరుకుంటే వడ్డీ పెరిగిపోతుందేమో. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ చెప్పు సంగతి దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. మీరిద్దరూ ఒకరి కోసం ఒకరు కడుపు కట్టుకుని దాస్తున్నారు. కాకపోతే ఆయన కొత్త నగ కోసం దాస్తున్నారు, మీరు పాత నగ కోసం దాస్తున్నారు. ఒకే ఇంట్లో రెండు దారుల్లో పోతున్న ఈ డబ్బును ఒక దారికి తేవాలంటే చెప్పక తప్పదు. చెప్పండి, ఆలస్యం చేయకండి.

ముందు లెక్క చూద్దాం. వడ్డీ నూటికి ఏడాదికి 12 అనుకున్నా, 80,000 మీద నెలకు 800, ఏడాదికి 9,600 అవుతుంది. అంటే మీ డబ్బాలో ఉన్నది ఒక్క ఏడాది వడ్డీకి కూడా చాలదు. ఇక స్కీములో ఆయన 11 నెలలకు 22,000 కడతారు. దుకాణంవారు సాధారణంగా ఒక వాయిదాకు సమానమైన మొత్తమో, అందులో కొంతో కలుపుతారు. కాని నగ తీసుకునేటప్పుడు తరుగు, మజూరీ కలిసి నూటికి పది దాటడం మామూలే, ఆపైన మూడు శాతం జీఎస్టీ ఉంటుంది. తరుగు మినహాయించే స్కీము కాకపోతే, వారు కలిపిన సొమ్ము అక్కడే హరించుకుపోతుంది. అందువల్ల అప్పు ఉండగా స్కీము కట్టడం లాభసాటి కాదు.

అయినా ఇప్పుడు దాన్ని మధ్యలో మాన్పించమని నేను చెప్పను. ఏడు నెలలు కట్టేశారు, మిగిలింది నాలుగు. మధ్యలో ఆపితే దుకాణం కలిపే మొత్తం పోవచ్చు. కార్డు వెనక ఉన్న నిబంధనలు ఇద్దరూ కలిసి చదవండి. తరుగు తక్కువ పడే చిన్న వస్తువు గాని, వీలైతే బంగారు నాణెం గాని ఇస్తారేమో అడగండి. నగ తీసుకుంటే దాని మీద హాల్‌మార్కు, ఆ నగకే ప్రత్యేకమైన గుర్తింపుగా ఇచ్చే ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోండి. అది ముగిశాక రెండో స్కీములో చేరకుండా ఆ 2,000 ప్రతి నెలా అసలుకు జమ చేయండి. విడతలుగా కడితే తీసుకుంటారో లేదో బ్యాంకులో ముందే కనుక్కోండి. గడువు దాటితే నోటీసు ఇచ్చి వేలం వేస్తారు కాబట్టి ఆ తేదీ మాత్రం గోడ మీది క్యాలెండరులో రాసి పెట్టుకోండి.

మీ వారి మనసు గురించి కూడా ఒక మాట. స్త్రీధనం భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదని, కష్టకాలంలో భర్త వాడుకున్నా దాన్ని తిరిగి ఇవ్వవలసిన నైతిక బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో ఒక తీర్పులో స్పష్టం చేసింది. మీ వారికి ఆ తీర్పు తెలియకపోవచ్చు గాని, బోసిపోయిన మీ మెడ చూసినప్పుడల్లా ఆ బాధ్యత ఆయనకు గుర్తొస్తూనే ఉంటుంది. అందుకే కార్డు దాచారు. నగ వద్దని మీరు ఒక్కసారిగా అంటే, తన ఏడు నెలల కష్టాన్ని కాదన్నట్టు వినిపిస్తుంది. "ఇది చూశాను, నాకు ఎంతో సంతోషమైంది" అని ముందు చెప్పి, ఆ తరువాతే లెక్కలోకి దిగండి. మీ డబ్బా కూడా తెచ్చి కార్డు పక్కన పెట్టండి. అప్పుడు దాచింది ఆయన ఒక్కరే కాదని తెలుస్తుంది, చిన్నతనమూ ఉండదు.

దాదాసాహెబ్ ఫాల్కే దంపతుల సంగతి ఇక్కడ గుర్తొస్తోంది. ఆయన బీమా పాలసీ తాకట్టు పెట్టి లండన్ వెళ్లి సినిమా విద్య నేర్చుకొచ్చారు. 1913 మే 3న బొంబాయిలో విడుదలైన ఆయన తొలి కథాచిత్రం ‘రాజా హరిశ్చంద్ర’ కోసం భార్య సరస్వతీబాయి నగలు ఇచ్చారు. అయితే ఆమె నగలిచ్చి ఊరుకోలేదు. ఫిలిము అంచుకు రంధ్రాలు వేయడం, దాన్ని రసాయనాల్లో కడగడం నేర్చుకుని, పనివారందరికీ వంట కూడా చేశారు. ఎంత ఉందో, ఎంత పోయిందో ఆమెకు తెలుసు. నాకు ఆమెలో నచ్చేది ఆ త్యాగం కన్నా, ఆ పనిలో సగం చేయి తనదై ఉండడం. మీరు కుట్టే ఫాల్స్ కూడా ఆ దుకాణం పనే కదా. ఇకపై ఆ డబ్బునూ దుకాణం పుస్తకంలోనే రాయించండి.

ఆ 9,000లోంచి ముందుగా ఆయనకు ఒక జత మంచి చెప్పులు కొనండి. దానికి పెళ్లిరోజు దాకా ఆగనక్కర్లేదు.