కాఫీ షాపా, కాఫీ ఇల్లా?

సందేహం: ఇస్తాంబుల్ వెళ్ళినప్పుడు మసాలా దినుసుల బజారు వెనక సందుల్లో దారి తప్పాను. ఒక చిన్న చోట వేడి ఇసుకలో రాగి గిన్నె కదుపుతూ కాఫీ కాచి ఇచ్చారు. అలాంటి కాఫీ మళ్ళీ తాగలేదు. నా యాత్రా వ్యాసంలో ‘మరపురాని కాఫీ షాపును కనుగొనడం జరిగింది’ అని రాశాను. ‘కనిపెట్టడం’ అనాలా? కాఫీ షాపుకు తెలుగు మాట ఉందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మొదటి ప్రశ్న తేలికే. కనిపెట్టడం లేనిదాన్ని తయారుచేసేవాళ్ళకూ, ఇల్లు కాపలా కాసేవాళ్ళకూ చెల్లుతుంది. కనుగొనడం కొలంబసు లాంటివాళ్ళ పని. ఊళ్ళోవాళ్ళు రోజూ తాగుతున్న కాఫీని మీరు కొత్తగా కనుగొన్నదేముంది? ‘దొరికింది’ అనండి, ‘తగిలింది’ అనండి. నన్ను బాధపెట్టింది ఆ ‘జరిగింది’. జరగడానికి అదేమైనా పెళ్ళా, ఊరేగింపా? ‘దారిలో ఒక కాఫీ హోటలు తగిలింది’ అంటే పోయేదానికి ఈ ప్రెస్ నోట్ భాష ఎందుకమ్మా?

ఇక షాపు సంగతి. ఆ బజారు వెనక పేటను తాహ్తకాలె అంటారు. 16వ శతాబ్ది మధ్యలో అలెప్పో నుంచి ఒకరు, డమాస్కస్ నుంచి ఒకరు వచ్చి ఇస్తాంబుల్‌లో మొదటి కాఫీ ఇళ్ళు తెరిచింది అక్కడేనని ఒట్టోమన్ చరిత్రకారుడు పెచెవీ రాశాడు. వాటికి తుర్కీ మాట ‘కహ్వెహానె’. కహ్వె అరబ్బీ ‘కహ్వా’ నుంచి వచ్చింది. ఆ మాట కాఫీకంటే ముందు మద్యానికి ఉండేది. అది అలా ఉంచండి. నాకు ముఖ్యం ఆ ‘హానె’. అది పరాయిది కాదు, మన ఖానాయే. పారసీకంలో ఖానా అంటే ఇల్లు. ఇటు వచ్చి దవాఖానాలో, కార్ఖానాలో, బందీఖానాలో స్థిరపడింది. అటు వెళ్ళి తుర్కుల నోట ‘ఖ’ మెత్తబడి ‘హ’ అయింది. హస్త అంటే రోగి; ఆసుపత్రి ‘హస్తానె’. అక్కడి వీధుల్లో ఎర్ర ఇంగ్లీషు ‘E’ అక్షరంతో వేలాడే బోర్డులు చూసే ఉంటారు. అవి మందుల షాపులు, ‘ఎజ్‌జానె’లు. వీటిలో ‘హ’ కూడా అరిగిపోయింది, ఇల్లు మాత్రం మిగిలింది. తెలంగాణవాళ్ళు దవాఖానా అంటే నవ్వే కోస్తావాళ్ళను చూశాను. ఆ మాట చుట్టాలు ఇస్తాంబుల్ దాకా ఉన్నారని వాళ్ళకెవరైనా చెప్పాలి. మిమ్మల్ని అనడం లేదు.

అదే బజారు పక్కన 1871 నాటి కాఫీ పొడి అంగడి ఒకటుంది. దాని పేరులో ‘కురుకహ్వెజి’ అని ఉంటుంది, అంటే ఎండు కాఫీ అమ్మేవాడు. (ఆ ‘జి’ మన ఖజాంచీలోని ‘చీ’.) అది షాపు. కూర్చోబెట్టి తాగించేది ఇల్లు. ఈ తేడా మనవాళ్ళకూ తెలుసు: సరుకు అమ్మితే కొట్టు, వండి పెడితే పూటకూళ్ళిల్లు. క్రీడాభిరామం అనే పాత వీథినాటకంలో ఓరుగల్లు పూటకూటింట ఒక్క రూకకే కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, పెరుగు! ఆ పద్యం నాకు ప్రాణం, కానీ ఇక్కడ చోటు లేదు.

మరి ఏం రాయాలి? పడుకోవడానికి మంచం లేకపోయినా మన తాతలు ‘కాఫీ హోటలు’ అన్నారు, అది తెలుగైపోయింది. ‘కాఫీ క్లబ్బు’ పాతబడింది. ‘కాఫీ విక్రయశాల’ అనేవాళ్ళున్నారు. దానికంటే షాపే నయం. నాకు ‘కాఫీ ఇల్లు’ ఇష్టం, కానీ చదివినవాళ్ళు మీరెవరింటికో వెళ్ళారనుకుంటే నా పూచీ లేదు. కహ్వెహానె అనే ఉంచి ఒకసారి విడమరిచి చెప్పినా తప్పనను.

ఇంతకీ అక్కడ పంచదార కాచేటప్పుడే వేస్తారు కాబట్టి ముందే అడుగుతారు. లేనిది ‘సాదె’, ఉన్నది ‘షెకెర్లి’. మొదటిది మన సాదా, రెండోదాంట్లో ఉన్నది మన శర్కర. మీరు ఏది అడిగారో ఉత్తరంలో రాయలేదు.