ఎన్నారై సందేహాలు: సోమవారం పొద్దున మోగిన పంపు

ప్రశ్న: మాది జమ్మికుంట దగ్గర పల్లె. హనుమకొండలో బీటెక్ చదివాను. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీకి సీటు, స్టైపెండు వచ్చాయి. ఆగస్టులో ప్రయాణం. నన్ను తీసుకుంటున్న ప్రొఫెసర్ నాలెడ్జ్ గ్రాఫుల మీద, అంటే ఏ విషయానికి ఏ విషయంతో ఏ సంబంధమో గీతలతో కలిపి యంత్రానికి ఇచ్చే పటాల మీద పనిచేస్తారు. వైద్య విషయాల్లో భాషా నమూనాలు (చాట్‌జీపీటీ లాంటివి) చెప్పే జవాబులను వాటితో సరిచూడటం ఆయన ప్రాజెక్టు. అది పాతకాలపు ఏఐ, అందులో భవిష్యత్తు లేదంటున్నారు స్నేహితులు. మాస్టర్స్ పట్టా తీసుకుని బయటపడి ఉద్యోగం చూసుకొమ్మంటున్నారు అక్కడి బంధువులు. ఏం చేయాలి? ఇంకొకటి, విదేశంలో ఉన్న అక్క కరెంటు కుక్కర్ తెచ్చుకొమ్మంటోంది. తేవాలా?

జవాబు: బిడ్డా, కుక్కర్ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఒక పంపు సంగతి వినాలి.

నేను వరంగల్ ఆర్‌ఈసీలో చదివింది 1980లలో. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ కాలేజీ 2002లో ఎన్‌ఐటీ అయింది. నా తరం వాళ్ల నోటికి మాత్రం ఆ కొత్త పేరు ఇంకా ఎక్కలేదు. నాన్న వరంగల్ మార్కెట్లో దడవాయి. పొద్దున్నుంచి కాంటా దగ్గర నిలబడి పత్తి, మిర్చి బస్తాలు తూచేవాడు. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లడమే పెద్ద ప్రయాణంగా చెప్పుకొనే ఇల్లు మాది.

నేను పీహెచ్‌డీకి అమెరికా వచ్చిన 1987లో ఏఐ అంటే ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్. నిపుణుడికి తెలిసినదాన్ని ‘ఇలా ఉంటే అలా’ అనే నియమాలుగా రాసి యంత్రానికి ఇవ్వడం. స్టాన్‌ఫర్డ్‌లో 1970లలో తయారైన మైసిన్ ఈ దారిలో అందరికీ తెలిసిన పేరు. రక్తంలో చేరిన బాక్టీరియా ఏదై ఉంటుందో, ఏ మందు ఎంత ఇవ్వాలో చెప్పేది. సుమారు 500, 600 నియమాలు. పరీక్ష పెట్టి చూస్తే స్టాన్‌ఫర్డ్ వైద్య అధ్యాపకులకు తీసిపోలేదు. అయినా రోగుల మంచాల దగ్గర రోజువారీ వాడకానికి అది ఎన్నడూ వెళ్లలేదు. నాకు దానిలో నచ్చిన గుణం వేరే ఉంది. అది ఒక ప్రశ్న వేసినప్పుడు డాక్టర్ తిరిగి ‘ఎందుకు?’ అని టైపు చేస్తే, తాను ఏ నియమాన్ని తేల్చుకోవడానికి అది అడుగుతున్నదో చెప్పేది.

నాకు దొరికిన పని ఇంత గొప్పది కాదు. ఒక కర్మాగారంలో పంపుల రోగాలు కనిపెట్టే వ్యవస్థ. అక్కడ ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఆరు వారాలు ఆయన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాను. పాపం, ఓపికగా పాఠ్యపుస్తకంలో ఉన్నదంతా నాకు అప్పజెప్పాడు. బేరింగు అరిగితే పంపు ఎక్కువగా అదురుతుందన్నాడు. నియమం రాశాను. ప్రతి సోమవారం పొద్దున నా వ్యవస్థ బేరింగులన్నీ పోయాయని గగ్గోలు పెట్టేది. ఆయన దాని వంక చూడకుండా కాఫీ తాగేవాడు. చివరికి ఒక సోమవారం నేను ప్రశ్నలు మాని ఆయన పక్కనే నిలబడ్డాను. ఆదివారమంతా ఆగి ఉన్న పంపులో నూనె చలికి చిక్కబడుతుంది. మొదటి అరగంట ఆ మోత, ఆ అదురు మామూలే. మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగితే, ‘అది కూడా చెప్పాలా?’ అన్నాడు.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. గుప్పెడు ఎండుమిర్చి తీసి చెవి దగ్గర ఊపి, తడి ఉందనేవాడు. ఎలా తెలిసిందంటే ఏమీ చెప్పేవాడు కాదు. దాచుకున్నది కాదు, చెప్పవలసినది ఒకటి ఉందనే ఆయనకు తోచదు. ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్‌కు గట్టి పేరు తెచ్చిన ఫైగన్‌బామ్ కూడా అసలు చిక్కు ఇదేనని చెబుతూ వచ్చాడు: యంత్రానికి ఆలోచించడం నేర్పడం కాదు, మనిషి దగ్గరున్న జ్ఞానాన్ని బయటికి రాబట్టడం కష్టం. ఆయనతో కలిసి కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును 1994కు అందుకున్న రాజ్ రెడ్డి మన తెలుగువాడే, చిత్తూరు జిల్లా కాటూరు ఊరివాడు. ఆ సంవత్సరం ఇక్కడ ప్రతి తెలుగు ఇంటి భోజనాల దగ్గరా ఆయన పేరే. ఆయన చేసిన పని ఏమిటని అడిగితే మాత్రం బల్ల చుట్టూ నిశ్శబ్దం.

ఇప్పుడు నీ బంధువుల దగ్గరికి వద్దాం. ఇక్కడ స్థిరపడ్డ మేమంతా ఆ మెకానిక్ లాంటివాళ్లమే. నియమం చెబుతాం, షరతు మింగేస్తాం. ‘మాస్టర్స్ చేసి బయటపడు’ అన్నవాళ్లలో చాలామంది సొంత డబ్బుతోనో అప్పుతోనో ఫీజు కట్టి వచ్చినవాళ్లు. వాళ్లకు ప్రతి సెమిస్టరూ వడ్డీ పెరిగే లెక్క. నీకు ఫీజు లేదు, పైగా పాఠం చెప్పినందుకో పరిశోధనలో సాయపడినందుకో జీతం ఇస్తారు. వాళ్ల నియమం వాళ్లకు సరిగ్గానే పనిచేసింది. నీ పంపు వేరు.

నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. ఫలితం చేతికొచ్చేదాకా ప్రొఫెసర్ తలుపు తట్టకూడదని మొదటి నెలలోనే ఒక పెద్దమనిషి చెప్పాడు. నమ్మాను. ఎనిమిది నెలలు తప్పు దారిలో పడి నడిచాను. ప్రొఫెసర్ ఏదైనా చెబితే అర్థం కాకపోయినా తలూపేవాణ్ణి. మన దగ్గర అది మర్యాద. ఇక్కడ తలూపితే అర్థమైందని లెక్క. ఆ తర్వాత తెలిసింది, ఆ పెద్దమనిషి గురువుగారు పరమ కోపిష్టి అట. షరతు అది!

పరిశోధన పాతదా కొత్తదా అన్న ప్రశ్నకు నా దగ్గర కాస్త చేదు అనుభవం ఉంది. నేను వచ్చేటప్పటికి కంపెనీలు ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ మీద డబ్బు కుమ్మరిస్తున్నాయి. కంప్యూటర్లు తయారుచేసే డెక్ కంపెనీలో ఆర్డర్లను సరిచూసే ఎక్స్‌కాన్ అనే ఎక్స్‌పర్ట్ సిస్టమ్ వేల నియమాలకు పెరిగింది. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా నియమాలు తిరగరాయాలి. ఆ బరువు మోయలేక కంపెనీల మోజు తీరింది. 1992లో నా చేతికి పట్టా వచ్చేసరికి ఆ మాటంటేనే ముఖం తిప్పుకుంటున్నారు. ఉద్యోగ దరఖాస్తులో ‘ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్’ కొట్టేసి ‘నిర్ణయ సహాయక సాఫ్ట్‌వేర్’ అని రాసుకున్నాను. అబద్ధం కాదు, కానీ రాస్తున్నప్పుడు సిగ్గేసింది. ఇక నియమాలు రాయకుండా ఉదాహరణల నుంచి యంత్రమే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులంటారా, మా రోజుల్లో వాటిని పట్టుకు వేలాడేవాళ్లను చూసి జాలిపడేవాళ్లం. 2012 తర్వాత అవే గెలిచాయి, ఎవరు ఎవరిని చూసి జాలిపడ్డారో నీకు తెలుసు. అదే 2012లో గూగుల్ తన నాలెడ్జ్ గ్రాఫును బయటపెట్టింది. మేము వదిలేసిన పని పేరు మార్చుకుని తిరిగొచ్చింది.

అందుకే మీ ప్రొఫెసర్ ప్రాజెక్టు నాకు పాతగా అనిపించడం లేదు. భాషా నమూనా తడుముకోకుండా మాట్లాడుతుంది, లేని మందుకు కూడా మోతాదు చెప్పగలదు. గ్రాఫులో ఉన్నదానికి కనీసం అది ఎక్కడినుంచి వచ్చిందో చూపించవచ్చు. అయితే నా చిక్కు అక్కడ కూడా తప్పదు. ‘ఈ మందు ఈ జబ్బుకు’ అని ఒక గీత గీస్తారు. కిడ్నీ దెబ్బతిన్నవారికి, గర్భిణికి, చంటిపిల్లకు ఆ గీత నిలుస్తుందా? ఆ షరతులు ఎవరు రాస్తారు, ఎక్కడ రాస్తారు? నేనైతే అయిదేళ్లు దీని మీదే గడిపేవాణ్ణి. వెళ్లేలోపు ఆయన్ని ఫోనులో ఇవి అడుగు: వైద్యులు బృందంలో ఉన్నారా, లేక రికార్డులు మాత్రమే ఉన్నాయా? ఆయన దగ్గర చదివినవాళ్లు ఎన్నేళ్లలో బయటికి వచ్చారు, ఇప్పుడెక్కడ ఉన్నారు? వాళ్లలో ఇద్దరితో మాట్లాడవచ్చా? చివరి ప్రశ్నకు ఆయన నసిగితే నేను ఇంకోసారి ఆలోచిస్తాను.

ఉద్యోగం తలుపు మూసుకుపోదు. చాలా విభాగాల్లో పీహెచ్‌డీ మధ్యలో మాస్టర్స్ పట్టా ఇస్తారు. రెండేళ్ల తర్వాత ఈ పని నీకు పడదని తేలితే అప్పుడు మానుకో. కానీ ఆ ఉద్దేశంతోనే ఎక్కవద్దు. నీ స్టైపెండు ఒకరి గ్రాంటు డబ్బు. మోసపోయిన ప్రొఫెసర్ మన వైపు నుంచి వచ్చే తర్వాతి దరఖాస్తును ఏ కంటితో చూస్తాడో నేను కమిటీల్లో కూర్చుని చూశాను.

వీసా సంగతులు క్లుప్తంగా. చదువు జరుగుతున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని, అంతే. వేసవి ఇంటర్న్‌షిప్ దొరికితే సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద నమోదయ్యాకే మొదటి రోజు పనిలోకి వెళ్లాలి. పట్టా తర్వాత ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) 12 నెలలు, మన సైన్స్, ఇంజినీరింగ్ చదువులకు ఇంకో 24. యూనివర్సిటీలో ఉద్యోగమైతే హెచ్-1బీ ఉద్యోగ వీసాకు ఏటా ఉండే 85,000 పరిమితి, లాటరీ వర్తించవు. గ్రీన్‌కార్డుకు నేషనల్ ఇంటరెస్ట్ వేవర్ అనే దారిలో యజమాని అవసరం లేదు, నీ ప్రచురణలే మాట్లాడాలి. వరుస మాత్రం పెద్ద చదువులవాళ్లకు ఉండే ఈబీ-2 కోటా వరుసే. భారతదేశంలో పుట్టినవాళ్లకు అది ఎంత పొడవో మీ బంధువులే కథలు కథలుగా చెబుతారు, ఆ ఒక్క విషయంలో వాళ్లను నమ్మవచ్చు. మిగతావన్నీ మారుతుంటాయి కనుక యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడుగు, నన్ను కూడా కాదు. పన్ను రిటర్ను వేసేటప్పుడు భారత విద్యార్థులకు రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను మినహాయింపు) దొరుకుతుంది. తెలియక వదిలేసుకునేవాళ్లు చాలామంది.

ఇక కుక్కర్. తప్పకుండా తెచ్చుకొమ్మని మీ అక్క అన్నదంటే, బహుశా ఆమె ఉన్న దేశంలో గోడలో వచ్చే కరెంటు మన దగ్గరి లాంటిదే అయివుంటుంది. ఇక్కడ 120 వోల్టులు. 230 వోల్టుల కుక్కర్ పెడితే దానికి అందేది నాలుగో వంతు వేడి. బియ్యం నానుతుంది కానీ ఉడకదు. పొయ్యి మీద పెట్టే మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తెచ్చుకో, రెండు గాస్కెట్లు అదనంగా. ఇంటి పొయ్యి ఇండక్షన్‌దైతే కుక్కర్ అడుగుభాగం దానికి తగినది కావాలి. ఏ పొయ్యో నీతో ఇల్లు పంచుకునే అమ్మాయిని ముందే అడుగు.