మంచు లేని నెలల్లో ఏం చేయాలంటే

అల్లుడూ,

గుల్మార్గ్ నుంచి రెండు నెలల లీవు మీద నెల్లూరుకి దిగావు, ఇక్కడ చూస్తే రోళ్లు పగిలే ఎండ, ‘మంచే లేనిచోట స్కీయింగ్‌కి ప్రాక్టీస్ ఏంది మామా, నవంబర్లో చూసుకుందాంలే’ అన్నావు ఫోన్లో. నవంబర్లో చూసుకోవడానికి ఏమీ మిగలదబ్బయ్యా. క్రాస్ కంట్రీ, అంటే మంచు మీద దూరాలు పోయే స్కీయింగ్ చేసేవాళ్ల లెక్కలో కొత్త సంవత్సరం మే నెలలోనే మొదలవుతుంది. నార్వేలో పైస్థాయి వాళ్లు ఏడాదికి 800 గంటలు, ఆ పైన కూడా చేస్తారు. అందులో సగానికి మించి మంచు లేని నెలల్లోనే, అదీ చాలావరకు పక్కవాడితో కబుర్లు చెప్పుకుంటూ పోగలిగినంత నిదానంగా. మన దేశం నుంచి 2014లో నదీమ్ ఇక్బాల్ సోచి ఒలింపిక్స్‌లో, 2018లో జగదీశ్ సింగ్ ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో 15 కిలోమీటర్ల రేసుకి దిగింది ఇలాంటి వాళ్లతోనే.

ముందు ఒక పది రోజులు ఏమీ చేయొద్దు. పడుకో, పెళ్లిళ్లకి పో, అమ్మ చేతి చేపల పులుసు తిను. సీజన్ అలుపు తీరకుండా మొదలుపెట్టినవాడు జూన్‌కే చతికిలబడతాడు.

తర్వాత నీకు కావాల్సింది వేగం కాదు, గంటలు. అవి ఇక్కడ తెల్లవారుజామున దొరుకుతాయి. నాలుగున్నరకి రోడ్డు మీద ఉండు, ఏడింటికల్లా ఇంటికి చేరు. మైపాడు తట్టు ఆ వేళకి కూడా గాలిలో తేమ దండిగా ఉంటుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అందుకని కొండమీద తీసిన వేగమే ఇక్కడ తీసినా గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పట్టిందని వాచ్ చూసుకుని టెన్షన్ పడొద్దు, పల్స్ చూసుకో, అది ఎక్కితే నడువు. రెండు వారాల్లో ఒళ్లు అలవాటు పడుతుంది, రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం, పెరుగుతుంది, అదీ ఒక లాభమే. గుల్మార్గ్ ఎత్తులో సంపాదించిన ఎర్ర కణాలు మాత్రం కొన్ని వారాల్లో తగ్గిపోతాయి, వాటికోసం దిగులు పడి లాభం లేదు. పోయే ముందు, వచ్చాక బరువు చూసుకో, తగ్గినంతా నీళ్లే. ఉప్పేసిన మజ్జిగ తాగు, గూడూరు నిమ్మకాయలకి మనకేం కరువు లేదు.

రోడ్డు మీద ప్రాక్టీస్‌కి చక్రాలున్న రోలర్ స్కీలు తెచ్చానన్నావు, మంచిదే, కానీ హైవే మీదికి మాత్రం పోవద్దు. వాటికి బ్రేకులుండవు, లారీవాడికి నువ్వేం చేస్తున్నావో అర్థం కాదు. సముద్రం వైపు పోయే పల్లె రోడ్లు చదునుగా ఉంటాయి, అక్కడ చెయ్యి. అయితే ముందు రోజు సాయంత్రం సైకిల్ మీద ఒకసారి పోయి చూసుకునిరా. కోతలు ఆలస్యమైన చోట ఇంకా రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తున్నారు, ఎత్తేశాక కూడా గింజలు మిగులుతాయి, ఆ చిన్న చక్రాల కింద పడితే మోకాళ్లు పగలడం ఖాయం. రైతుతో తిట్లు తినడం అదనం. ఎండెక్కితే తారు మెత్తబడి పోల్, అదే చేతికర్ర, మొన దిగబడుతుంది, అదొక కారణం పొద్దున్నే ముగించమనడానికి. హెల్మెట్ పెట్టుకో. కుక్కల సంగతి నీకు చెప్పేదేముంది.

అసలు పని ఇంటి వెనక ఉంది. పాత సైకిల్ ట్యూబు ఒకటి కోసి, మీ వేపచెట్టుకి తలకన్నా జానెడు ఎత్తులో కట్టు. రెండు కొసలు పట్టుకుని డబుల్ పోలింగ్ లాగు, అంటే రెండు పోల్స్‌నీ ఒకేసారి వెనక్కి నెట్టినట్టు. చేతులు కళ్ల ఎత్తులో మొదలవ్వాలి, మోచేతులు వంచి బిగించి ఉంచు, ముందు పొట్ట కండరాలతో ఒంటిని కిందికి దించు, ఆ తర్వాతే చేతులు తొడలు దాటి వెనక్కి పోవాలి. మీ స్కీయింగ్ వాళ్లలో చాలామంది ఒట్టి చేతులతో లాగుతారు, అందుకే చివరి రెండు కిలోమీటర్లలో భుజాలు చచ్చుబడతాయి. మూడు నిమిషాలు లాగు, నిమిషం ఆగు, ఐదారు సార్లు. వారానికి మూడు రోజులు చాలు. మార్చి రేసులో నువ్వు వెనకబడింది ఎక్కుడులో కాదు, చదునులో, ఆ వీడియో నేను చూశాను.

ఇసుకలో పరుగు కొంచెంగానే, తడి అంచునే. పొడి ఇసుక పిక్కలని, మడమ నరాన్ని పీకేస్తుంది. ఒడ్డు ఒకవైపుకి వాలి ఉంటుంది గనక పోయినంత దూరం అదే ఒడ్డున వెనక్కి రా, రెండు కాళ్లకీ సమంగా పడుతుంది.

ఇక మనసు రావడం లేదంటావు. రాదు. ఆ కర్రలు పట్టుకుని పోతుంటే ‘ఏం సామీ, గొర్రెలు కాస్తున్నావా’ అంటారు, రోజూ అంటారు, నవ్వేసి పో. రోజూ మూడ్ కోసం కూర్చుంటే లీవు అయిపోతుంది. మీ చిన్నాన్న కొడుకుని సైకిల్ మీద టార్చి, నీళ్లతో వెంట రమ్మను. వాడొచ్చి గేటు దగ్గర బెల్లు కొడుతుంటే నువ్వు పడుకోలేవు. రెండు వారాలకోసారి ఒకే కొండ, ఒకే పల్స్‌తో ఎక్కి ఎంత టైమ్ పట్టిందో రాసి పెట్టు. ఆ అంకె తగ్గుతుంటే చాలు, ఇంకెవరూ ఉత్సాహపరచక్కర్లేదు.

ఆ కొండ ఉదయగిరి దుర్గం అయితే బాగుంటుంది. రాయలవారు అది 1514లో పట్టుకోవడానికి నెలల తరబడి కిందే కాసుక్కూర్చోవాల్సి వచ్చింది, అంత నిటారు. వెదురు కర్రలు రెండు, చంకకి కాస్త కిందికి వచ్చేలా కొట్టించు, రాళ్ల మీద నీ మంచి పోల్స్ పాడుచేసుకోకు. నువ్వు నెల్లూరు నుంచి రా, నేను కావలి నుంచి వస్తా. ఆ పది రోజులూ అయ్యాక వచ్చే ఆదివారం ఐదింటికి కొండ కింద కలుద్దాం, మజ్జిగ నేను తెస్తా.

మీ మామ