ఆహార సంస్థ సస్టైనబిలిటీ రిపోర్టు వెబ్‌సైట్: డిజైన్ విద్యార్థికి ఇందులో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: నేను డిజైన్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఇంటర్న్‌షిప్‌లో నన్ను ఒక ఆహారోత్పత్తుల సంస్థకు సస్టైనబిలిటీ రిపోర్టు (పర్యావరణం, సమాజం మీద సంస్థ ప్రభావాన్ని వివరించే నివేదిక) వెబ్‌సైట్ తయారుచేసే బృందంలో వేశారు. ఇది విసుగు పుట్టించే పనని, మొబైల్ యాప్‌ల ప్రాజెక్టుకు మారిపొమ్మని స్నేహితులు అంటున్నారు. ఈ అనుభవం కెరీర్‌కు ఉపయోగపడుతుందా? ఇందుకోసం పర్యావరణ శాస్త్రం చదవాల్సి ఉంటుందా?

జవాబు: ప్రాజెక్టు మారవద్దన్నదే నా సలహా. యాప్‌లు రూపొందించే అవకాశం మీకు తర్వాత కూడా వస్తుంది. ఒక సంస్థ బహిరంగంగా ప్రకటించే అంకెలకు రూపమిచ్చే బాధ్యత మాత్రం చదువుకుంటున్న దశలో దొరకడం అరుదు. ఆకుపచ్చ రంగు, ఆకుల బొమ్మలు, పొలాల ఫొటోలతో సరిపెట్టిన సైట్లు ఉన్న మాట నిజమే. అయితే ఈ రిపోర్టులను శ్రద్ధగా చదివే పెట్టుబడిదారులు, విశ్లేషకులు, స్వచ్ఛంద సంస్థలు, విలేకరులు ఫొటోల కోసం రారు. నీటి వాడకం ఈ ఏడాది ఎంత, నిరుడు ఎంత, ఆ లెక్కలోకి ఏ ఫ్యాక్టరీలు వచ్చాయి, ఏవి రాలేదు అని వెతుక్కుంటూ వస్తారు. వారికి ఆ సమాధానం తడుముకోకుండా దొరికేలా చేయడమే మీ పని.

ఆహార సంస్థ విషయంలో ఈ పని మరింత సున్నితమైనది. 2001లో తొలిసారి వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ అనే లెక్కింపు ప్రమాణం ఉద్గారాలను, అంటే సంస్థ వల్ల గాలిలో కలిసే గ్రీన్‌హౌస్ వాయువులను, మూడు స్కోప్‌లుగా (పరిధులుగా) విభజిస్తుంది. సంస్థ సొంత బాయిలర్లు, వాహనాల నుంచి వెలువడేవి స్కోప్ 1 కిందికి, కొనుక్కున్న విద్యుత్తు, ఆవిరి వంటి వాటి వల్ల వెలువడేవి స్కోప్ 2 కిందికి, ముడిసరుకు సేకరణ మొదలు వినియోగదారుడు వాడి పారేసే దాకా మిగిలినవన్నీ స్కోప్ 3 కిందికి వస్తాయి. ఆహార సంస్థల్లో సాధారణంగా పెద్ద వాటా స్కోప్ 3దే, ఎందుకంటే పశువులు వదిలే మీథేన్, ఎరువులు వేసిన నేల నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్, సాగు కోసం అడవులు నరకడం వంటివి ఎక్కువగా ఫ్యాక్టరీ గేటు బయటే జరుగుతాయి. ఇప్పుడు హోమ్‌పేజీ నిండా ఫ్యాక్టరీ పైకప్పు మీది సోలార్ పలకలను చూపించి, స్కోప్ 3 పట్టికను ఎక్కడో పీడీఎఫ్ చివరి పేజీల్లో ఉంచారనుకోండి. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాకపోవచ్చు, అయినా చదివినవారికి మిగిలేది తప్పుడు అభిప్రాయమే. ఏది ముందుండాలి, ఏది వెనక్కి పోవాలి అన్న ఆ నిర్ణయంలో డిజైనర్‌కు వాటా ఉంటుంది.

ఒక చార్టును దగ్గరగా చూద్దాం. ఇందులోని అంకెలు కేవలం ఉదాహరణకు తీసుకున్నవి. ఒక సంస్థ ఉత్పత్తి లక్ష టన్నుల నుంచి లక్షన్నర టన్నులకు, ఉద్గారాలు 50,000 టన్నుల నుంచి 60,000 టన్నులకు పెరిగాయి. టన్ను ఉత్పత్తికి లెక్కగడితే 0.5 నుంచి 0.4కు, అంటే 20 శాతం తగ్గినట్టు. మొత్తంగా చూస్తే అదే 20 శాతం పెరిగినట్టు. మార్కెటింగ్ విభాగం మొదటి అంకెనే పెద్ద అక్షరాల్లో పెట్టమని అడుగుతుంది. అప్పుడు రెండు అంకెలనూ పక్కపక్కన ఉంచి, ఆధార సంవత్సరం (పోలికకు తీసుకున్న ఏడాది), లెక్కలోకి వచ్చిన యూనిట్లు, స్వతంత్ర ఆడిటర్లు పరిశీలించారా లేదా అన్నవి చార్టు కిందే కనిపించేలా ఒక నమూనా చేసి చూపించండి. అలాంటి చోట వాదనకన్నా నమూనా ఎక్కువ పని చేస్తుంది. నిలువు అక్షం సున్నా నుంచి కాక మధ్యలో మొదలయ్యే బార్ చార్టును ఎవరు అడిగినా గీయకండి, ఎందుకంటే కొద్దిపాటి తగ్గుదల కూడా అందులో భారీగా కనిపిస్తుంది.

పర్యావరణ శాస్త్రంలో మరో డిగ్రీ అవసరం లేదు, కానీ రిపోర్టింగ్ భాష తెలిసి ఉండాలి. సస్టైనబిలిటీ రిపోర్టుల కోసం జీఆర్‌ఐ (గ్లోబల్ రిపోర్టింగ్ ఇనిషియేటివ్) అనే, 1997లో మొదలైన సంస్థ రూపొందించిన ప్రమాణాలను, వాటిలోనూ వ్యవసాయం, ఆక్వాకల్చర్, చేపల వేట రంగాల కోసం 2022లో వచ్చిన జీఆర్‌ఐ 13ను చదవండి. పెట్టుబడిదారుల కోణం అర్థం కావడానికి 2023 జూన్‌లో విడుదలైన ఐఎఫ్‌ఆర్‌ఎస్ ఎస్1, ఎస్2 (సస్టైనబిలిటీ, వాతావరణ సమాచార వెల్లడికి అంతర్జాతీయ ప్రమాణాలు) సారాంశం సరిపోతుంది. ఏ వివరం రిపోర్టులో ఎక్కడుందో చూపే జీఆర్‌ఐ కంటెంట్ ఇండెక్స్ అనే పట్టిక అలంకారప్రాయంగా కనిపించినా, విశ్లేషకులకు సైట్‌లోకి దారి అదే. అందులోని ప్రతి వరుస సరైన పేజీలోని సరైన పేరాకే తీసుకెళ్లాలి, ఆ లింకులు వచ్చే ఏడాది కొత్త రిపోర్టు వచ్చాక కూడా పనిచేయాలి.

సాంకేతికంగా రెండు విషయాల్లో పట్టు సంపాదించండి. మొదటిది అందరికీ అందుబాటు. వికలాంగులు సహా అందరూ వెబ్‌సైట్లను వాడగలిగేలా రూపొందించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ఏఏ స్థాయి ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. ఈ సైట్లలో అందరూ ఇష్టపడే లేత ఆకుపచ్చ అక్షరాలు తెల్లని నేపథ్యం మీద ఆ పరీక్షలో తప్పుతాయి. చార్టు బొమ్మగా మాత్రమే ఉంటే స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారికి ఏమీ అందదు కనుక దానికి తోడుగా పట్టిక ఇవ్వాలి. రెండోది డేటా నిర్వహణ. ఆడిట్ పూర్తయ్యే దాకా అంకెలు మారుతూనే ఉంటాయి. శీర్షికలో ఒకటి, చార్టులో మరొకటి, పీడీఎఫ్‌లో ఇంకొకటి మిగిలిపోకుండా అన్నీ ఒకే మూలం నుంచి వచ్చేలా సైట్‌ను కట్టడం నేర్చుకున్నవారిని ఏ బృందమూ వదులుకోదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక కొన్ని నెలల్లోనే పనంతా మీద పడుతుంది. ప్రతి వాక్యం న్యాయవిభాగం, ఆడిటర్ల ఆమోదం పొందాలి, ఈ జాగ్రత్త ఇంకా పెరుగుతుంది కూడా. ఐరోపా సమాఖ్యలో 2026 సెప్టెంబరు 27 నుంచి అమలుకు నిర్దేశించిన ఆదేశం, వినియోగదారులకు ఇచ్చే వాణిజ్య సందేశాల్లో ఆధారం చూపలేని ‘పర్యావరణహితం’ వంటి సాధారణ ప్రకటనలను నిషేధిస్తోంది. రోజుకో కొత్త ప్రయోగం చేయాలనుకునేవారికి ఈ వాతావరణం ఉక్కపోతగా అనిపించవచ్చు. అంకెలతో ఓపికగా కూర్చోగలిగితే మాత్రం వార్షిక నివేదికల డిజైన్ స్టూడియోలు, సస్టైనబిలిటీ కన్సల్టింగ్ సంస్థలు, పెద్ద కంపెనీల కమ్యూనికేషన్ విభాగాలు, వార్తాసంస్థల డేటా బృందాలు మీకు సహజమైన గమ్యాలు.

ఇంటర్న్‌షిప్ ముగిసేలోగా, రిపోర్టు విడుదలయ్యాక మీరు చేసిన పేజీలను పోర్ట్‌ఫోలియోలో చూపవచ్చా అని రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి. అనుమతి రాకపోతే, ఇప్పటికే బహిరంగంగా ఉన్న ఏదైనా ఆహార సంస్థ రిపోర్టు నుంచి నీరు, ఆహార వృథా వంటి ఒక్క అధ్యాయం తీసుకుని, అది మీ సొంత అభ్యాసమని స్పష్టంగా రాసి, మళ్లీ డిజైన్ చేయండి. పాత పేజీలో పాఠకుడికి ఏది దొరకలేదు, మీరు దాన్ని ఎక్కడ ఉంచారు, ఎందుకు ఉంచారు అన్నది ఒక పేజీలో వివరించి దానికి జతచేయండి.