నాస్ పెడుతున్నావట, ముందు ఇది చదువు

చిన్నా,

మీ అమ్మ ఫోన్‌లో ఇంకేదో చెబుతూ మధ్యలో, "వాడు ఇంట్లో ఏదో డబ్బా పెడుతున్నాడక్కా, ఎక్కడున్నా మన ఫైళ్లన్నీ చూసుకోవచ్చట" అంది. ఆ డబ్బా నాస్ అని, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె అని, నాకు వెంటనే అర్థమైంది. చాలా సంతోషమేసింది. ఈ సర్వర్ల పిచ్చి మన కుటుంబంలో నాతోనే ఆగిపోతుందేమో అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది. నువ్వేమో ఉద్యోగానికి వెళ్లిపోతావు. అది మీ ఇంట్లో పగలూ రాత్రీ నడుస్తూ ఉంటుంది. రౌటర్‌లో నువ్వేం నొక్కి వెళ్లావో మీ అమ్మకీ తెలియదు, మీ నాన్నకీ తెలియదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు అనేస్తాను. పాస్‌వర్డ్ పొడుగ్గా, ఇంకెక్కడా వాడనిది పెట్టు. ఓటీపీ యాప్ ఆన్ చెయ్. అడ్మిన్ అనే పేరుతో వచ్చే ఖాతాని ఆపేసి, వేరే పేరుతో ఒకటి చేసుకో. అప్‌డేట్లు వాటంతటవే పడేలా చూడు. రౌటర్‌లో నాస్‌కి ఎప్పుడూ ఒకే లోపలి ఐపీ, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో ఒకే అడ్రస్, వచ్చేలా రిజర్వ్ చెయ్. అంతే, వీటి గురించి మళ్లీ ఎత్తను.

ఇక అసలు సంగతి. ఏదో వీడియోలో ఒకాయన "రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డ్ చేసెయ్యండి, అయిదు నిమిషాల పని" అంటాడు. అంటే బయటి నుంచి నేరుగా నాస్ దాకా ఒక తలుపు తెరిచిపెట్టడమన్నమాట. నిజంగా అయిదు నిమిషాల పనే. మీ పెదనాన్న కూడా అలాగే చేశారు. ఈ కథ మీ అమ్మకి సగమే తెలుసు, నీకు అసలు తెలియదు.

రిటైరయ్యాక ఆయన పాత ఆల్బమ్‌లన్నీ ముందేసుకున్నారు. ప్లాస్టిక్ కవర్లకి అతుక్కుపోయిన ఫొటోల్ని చిరగకుండా తీసి, స్కానర్ గాజు తుడిచి, ఒక్కోటి పెట్టి, ఫైలు పేరులో ఎవరెవరున్నారో, ఏ సంవత్సరమో రాసేవారు. వెనకాల మీ అమ్మమ్మ పెన్సిల్‌తో ఏమైనా రాసి ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చేసేవారు. అన్నీ నాస్‌లో పెట్టారు. అది ఏ కంపెనీదన్నది ఇప్పుడు అనవసరం. తర్వాత చుట్టాల దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడే ఫోన్‌లో తెరిచి చూపించాలని సరదా పుట్టింది. నేను ఆఫీసులో ఉన్నప్పుడు వీడియో చూస్తూ నాస్ లాగిన్ పేజీని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచేశారు. నాకు చెప్పలేదు. చెబితే వద్దంటానని ఆయనకి తెలుసు.

కొన్ని నెలలు ఏమీ కాలేదు. మోసమంతా అక్కడే ఉంది. తర్వాత లాగ్, అంటే ఎవరెవరు వచ్చారో నాస్ రాసుకునే చిట్టా, తీసి చూశాను కదా, ఆ నెలలన్నీ ఎవరో ఒకరు లాగిన్ అవ్వడానికి ప్రయత్నిస్తూనే ఉన్నారు. అడ్మిన్, రూట్, టెస్ట్, గెస్ట్, మళ్లీ అడ్మిన్. పేజీల కొద్దీ. "మన ఇంటి ఐపీ ఎవరికి తెలుస్తుందే, మనమేమైనా బ్యాంకా?" అన్నారాయన. తెలియక్కర్లేదురా. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు జీమ్యాప్ అనే ప్రోగ్రామ్‌ని 2013లోనే బయటపెట్టారు. గిగాబిట్ కనెక్షన్ ఉంటే ఒక్క కంప్యూటర్ చాలు, ప్రపంచంలోని ఐపీవీ4 రకం ఇంటర్నెట్ అడ్రస్‌లన్నిటినీ ఒక పోర్ట్ మీద 45 నిమిషాల్లోపే వెతికేస్తుంది. నిన్నెవరూ పనిగట్టుకుని వెతకరు. అందరినీ వెతుకుతారు, ఆ అందరిలో నువ్వూ ఉంటావు.

ఒక రాత్రి నాస్ లైటు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. బ్యాకప్ నడుస్తోందనుకుని ఆయన పడుకున్నారు. తెల్లారి చూస్తే ఒక్క ఫొటో తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా ఏవో పిచ్చి అక్షరాలు. ప్రతి ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు, ఫైళ్లకి తాళం వేశాం, తీయాలంటే డబ్బు ఎలా పంపాలో రాసి. ఆయన ఒక ఫోల్డర్ మూసి ఇంకోటి తెరుస్తున్నారు, ఎక్కడో ఒకటైనా మిగిలి ఉంటుందేమోనని. నేను వెళ్లి కేబుల్ పీకేశాను. "రెండు డిస్కులు పెట్టాను కదే, రెయిడ్ ఉంది కదా" అన్నారు. మన రెయిడ్ అంటే రెండు డిస్కుల్లోనూ ఒకటే రాసుకుంటూ పోవడం. ఒక డిస్కు చెడిపోతే కాపాడుతుంది, అంతే. ఒక డిస్కులో ఫైలుకి తాళం పడితే ఆ క్షణంలోనే రెండోదాంట్లోనూ పడుతుంది. బ్యాకప్ కోసం యూఎస్‌బీ డిస్కు కూడా ఉంది, నాస్‌కే ఎప్పుడూ తగిలించి. రాత్రి 3 గంటలకి దాని టైమ్ ప్రకారం అది లేచింది. మంచి ఫొటోల మీద ఆ తాళం పడ్డ వాటిని బుద్ధిగా రాసేసింది. పాత వెర్షన్లు ఉంచుకోవాలని దానికి ఎవరూ చెప్పలేదు మరి.

కాస్తో కూస్తో మిగిలిందంటే మీ అమ్మ పుణ్యమే. ఎప్పుడో "నాకూ ఒక కాపీ ఇవ్వండి బావగారూ" అని అడిగి ఒక చిన్న డిస్కులో వేయించుకుని బీరువాలో పడేసింది. అప్పటిదాకా స్కాన్ చేసినవి అలా బతికాయి. ఆ తర్వాతివి పోయాయి. స్కాన్ అయిపోయాయి కదా అని కొన్ని ఆల్బమ్‌లు ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేశాం, వాటిలో కొన్ని ఇప్పుడు ఎక్కడున్నాయో తెలియదు. ఆ తాళం పడ్డ డిస్కుని ఆయన ఇంకా డ్రాయర్‌లో దాచారు. 2022లో నెదర్లాండ్స్ పోలీసులు నాస్‌లలో ఫైళ్లకి ఇలాగే తాళాలు వేసే డెడ్‌బోల్ట్ అనే ముఠాకి బిట్‌కాయిన్‌లో డబ్బు పంపినట్టే పంపి, తాళంచెవులు చేతికి రాగానే చెల్లింపు రద్దు చేసి, అలా 155 తాళంచెవులు రాబట్టారు. ఆ వార్త ఆయన నాకు ఎన్నిసార్లు చదివి వినిపించారో. మన డిస్కు ఆ ముఠా పని కాదు, అవి దానికి పనికిరావు. ఆ మాట ఒకసారి చెప్పాను, మళ్లీ చెప్పలేదు.

పెద్దాయన, పాస్‌వర్డ్ సరిగ్గా పెట్టుకుని ఉండరులే అనుకుంటున్నావు కదూ? అదే వద్దంటున్నాను. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే ఇలాంటి తాళాల ప్రోగ్రామే వచ్చి క్యూనాప్ కంపెనీ నాస్‌లలో ఫైళ్లని 7-జిప్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్‌లో పెట్టి తాళం వేసింది. అదే ఏడాది జూన్‌లో వెస్ట్రన్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ డిస్కులు కొన్ని ఎవరూ ముట్టుకోకుండానే ఫ్యాక్టరీ రీసెట్ అయిపోయాయి. ఆ మోడల్‌కి 2015 తర్వాత అప్‌డేటే లేదు. వీటిలో లోపం సాఫ్ట్‌వేర్‌ది. నీ పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా దాన్ని ఎవరూ అడగలేదు. కాబట్టి నాస్ లాగిన్ పేజీ గానీ, ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్ట్ గానీ బయటికి తెరవకు. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపు. అది ఆన్‌లో ఉంటే నాస్ నిన్ను అడక్కుండానే పోర్ట్‌లు తెరిపించుకోగలదు.

మరి ఎలా అంటావా? నాస్‌ని బయటికి తేవద్దు, నువ్వే ఇంట్లోకి వెళ్లు. వీపీఎన్ పెట్టుకో, అంటే బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి నీకొక్కడికే ఒక రహస్య దారి. వాటిలో నా ఓటు వైర్‌గార్డ్‌కి. మీ రౌటర్‌లో ఆ సదుపాయం ఉంటే అక్కడే పెట్టు. నాస్ మొరాయించినా నువ్వు ఇంటి నెట్‌వర్క్‌లోకి రాగలుగుతావు. దానికీ ఒక యూడీపీ పోర్ట్ తెరవాలి, మామూలుగా 51820. "ఇప్పుడేగా వద్దన్నావు" అంటావు. తేడా ఉంది. సరైన కీ, అంటే తాళంచెవి లాంటి పొడుగాటి కోడ్, లేకుండా ఎవరు ఏం పంపినా వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు, అందుకని వెతికేవాడికి అక్కడ ఏమీ ఉన్నట్టే తెలియదు. ఫోన్‌కి ఒక కీ, ల్యాప్‌టాప్‌కి ఇంకో కీ చెయ్. ఫోన్ పోతే దాని కీ ఒక్కటే తీసేస్తే సరిపోతుంది.

పోర్ట్ తెరిచినా బయటి నుంచి కనెక్ట్ కాకపోతే బుర్ర బద్దలు కొట్టుకోకు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే రౌటర్‌కి బయటి వైపు ఉన్న అడ్రస్, చూడు. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే నువ్వు సీజీన్యాట్ వెనకాల ఉన్నట్టే. ఒకే పబ్లిక్ ఐపీని మీ ప్రొవైడర్ చాలామందికి పంచుతున్నాడన్నమాట. అప్పుడు టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకో. లోపల అదీ వైర్‌గార్డే, నువ్వు పోర్ట్ తెరవక్కర్లేదు. అయితే దానికి ఏ మెయిల్‌తో లాగిన్ అవుతావో ఆ మెయిలే ఇప్పుడు మీ ఇంటి తాళం, దానికీ ఓటీపీ పెట్టు. దూరం నుంచి తెరవడానికి నాస్ కంపెనీ వాళ్లే ఇచ్చే క్విక్‌కనెక్ట్ లాంటివి పోర్ట్ తెరవడం కంటే నయమే. కానీ లాగిన్ పేజీ ఊరందరికీ కనబడుతూనే ఉంటుంది కదా, నా మనసొప్పదు.

ఇంకొకటి, ఎవరూ ముందుగా చెప్పనిది. మీ ఇంటి నెట్‌వర్క్‌లో ఐపీ అడ్రస్‌లు 192.168.1 తో మొదలవుతూ, నువ్వు దిగిన చోట వైఫై కూడా అదే అయిందనుకో, వీపీఎన్ కలిసినట్టే ఉంటుంది, నాస్ మాత్రం దొరకదు. ఇప్పుడే ఇంట్లోది 192.168.73 అనో ఇంకేదో అనో మార్చేయ్. తర్వాత దూరం నుంచి మార్చబోతే నిన్ను నువ్వే బయట పెట్టుకుంటావు.

స్పీడ్ గురించి పెద్దగా ఆశ పెట్టుకోకు. నువ్వు అక్కడ డౌన్‌లోడ్ చేసేది మీ ఇంటి అప్‌లోడ్ మీద నడుస్తుంది. అది 20 ఎంబీపీఎస్ అయితే 10 జీబీ వీడియోకి గంట పైనే పడుతుంది.

బ్యాకప్ గురించి మాత్రం నా మాట విను. నాస్‌లో స్నాప్‌షాట్‌లు ఆన్ చెయ్, పాత వెర్షన్లు ఉంటాయి. అది కాక ఒక యూఎస్‌బీ డిస్కు కొని, కాపీ చేసి, పీకి, బీరువాలో పెట్టు. పీకి అన్నాను, గమనించు. ఇంటికి వచ్చినప్పుడల్లా తీసి కొత్తవి ఎక్కించు, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడు, మళ్లీ పీకెయ్.

వెళ్లే ముందు ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద అన్నీ తెరిచి చూసుకో. ఇంటి వైఫై మీదే చూసి "వచ్చేసింది" అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. ఆ తర్వాత నాస్‌ని మామూలుగా షట్‌డౌన్ చేసి, మెయిన్ స్విచ్ ఆపి, మళ్లీ వెయ్. రౌటర్, నాస్, వీపీఎన్ ఎవరూ ముట్టుకోకుండా వాటంతటవే లేవాలి. కరెంటు వచ్చాక తిరిగి ఆన్ అవ్వాలన్న సెట్టింగ్ నాస్‌లో వెతికి పెట్టు, ఒక యూపీఎస్ కూడా తగిలించు. ఇవన్నీ చేయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అర్ధరాత్రి ఫోన్ చేసి "అమ్మా, ఆకుపచ్చ లైటు వెలుగుతోందా, పక్కది నొక్కు, అది కాదమ్మా" అంటావు. మీ అమ్మని సిస్టమ్ అడ్మిన్ చేయకురా. దానికి మోకాళ్ల నొప్పులు, ఆ రౌటర్ ఏమో అటక పక్కన. పాస్‌వర్డ్‌లు, ఏది ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి కవర్‌లో పెట్టి మీ నాన్న చేతికి ఇవ్వు. నీకు ఒంట్లో బాగోలేక ఫోన్ ఎత్తకపోయినా వాళ్లు ఇబ్బంది పడకూడదు.

అంతా అయ్యాక రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పేజీ స్క్రీన్‌షాట్ నాకు పంపు. వైర్‌గార్డ్ రౌటర్‌లోనే పెడితే అది ఖాళీగా ఉండాలి, వేరే పెట్టెలో పెడితే ఒక్క వరుస ఉండాలి. ఇంకొకటి కనబడితే ఆ రోజే ఫోన్ చేస్తాను. మీ ఇంట్లో మిగిలిన ఆ పాత ఫొటోలు నాస్‌లో పెట్టాక మాకూ తలా ఒక ఖాతా ఇవ్వు. నాకు ఎలా ఇచ్చినా సరే, మీ పెదనాన్నకి మాత్రం చూడటానికే ఇవ్వు. మార్చడానికీ, తీసేయడానికీ అనుమతి వద్దు. అడుగుతారు, అయినా ఇవ్వకు.

నీ పెద్దమ్మ