ముందు పక్కనున్న ఖాళీ ఆకాశం చూడు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన లైట్ కర్వ్ (నక్షత్రం ఎక్స్-రే వెలుగు సమయంతో ఎలా మారిందో చూపే గీత) చూశాను. మధ్యలో తాటిచెట్టులా లేచిందే, ఆ ఫ్లేర్ (నక్షత్రం మీద ఒక్కసారిగా ఎగసే పేలుడు) ఉష్ణోగ్రత ఈ వారమే తేల్చేస్తానని రాశావు. సంతోషం తల్లీ, కానీ ఆ పని ఆఖర్న పెట్టుకో.

అది అసలు నక్షత్రంలో వచ్చిందేనా? ఎక్స్‌ఎమ్‌ఎమ్-న్యూటన్ ఎక్స్-రే టెలిస్కోపు భూమి చుట్టూ 48 గంటల పొడవాటి కక్ష్యలో తిరుగుతుంది. ఆ దారిలో తక్కువ శక్తి ప్రోటాన్లు అద్దాల మీదుగా జారి డిటెక్టర్ మీద పడతాయి. అప్పుడు అచ్చం ఫ్లేర్ లాంటి బుడిపెలే వస్తాయి. కొత్తలో నేను అలాంటి బుడిపెను నమ్మి మూడు వారాలు పోగొట్టుకున్నాను. పక్కనున్న ఖాళీ ఆకాశంలో కూడా అదే సమయానికి అదే బుడిపె ఉందని నాకన్నా చిన్నవాడు చూపించాడు. ఆ రోజు అందరి టీ డబ్బులూ నేనే ఇచ్చుకున్నాను.

అందుకని ముందు మొత్తం డిటెక్టర్‌కి 10 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల పైన శక్తి ఉన్న ఎక్స్-రేలతో లైట్ కర్వ్ గీయి. చల్లని నక్షత్రం నుంచి అంత పైన దాదాపు ఏమీ రాదు. అక్కడ ఎగుడుదిగుడులుంటే అవి ప్రోటాన్ల పనే. అలాగని కనబడ్డ ప్రతి ముక్కా కత్తిరించెయ్యకు. నక్షత్రం బాగా ప్రకాశవంతమైతే బ్యాక్‌గ్రౌండ్ తీసేస్తే సరిపోవచ్చు, నీకు కావలసిన ఫ్లేరే ఆ ముక్కలో ఉండొచ్చు కూడా.

తర్వాత ఫ్లేర్ రాకముందు నక్షత్రం ఎలా ఉందో చూడు. నన్నడిగితే సగం పని ఇక్కడే ఉంది. ఏడీ లియోనిస్ లాంటి చురుకైన ఎర్ర మరుగుజ్జు నక్షత్రాలు పూర్తిగా నిమ్మళంగా ఉండటం అరుదు, చిన్న చిన్న ఫ్లేర్లు వస్తూనే ఉంటాయి. ఉన్నంతలో ప్రశాంతంగా ఉన్న భాగం తీసుకుని, దానికి రెండో మూడో ఉష్ణోగ్రతల ఏపెక్ మోడల్ (వేడి వాయువు వర్ణపటాన్ని లెక్కగట్టే నమూనా) అమర్చు. అందులో మూలకాల పాళ్లు సూర్యుడివే పెట్టేసి, ఫిట్ కుదరడం లేదని టెన్షన్ పడకు. చురుకైన నక్షత్రాల కరోనాలో (చుట్టూ ఉండే వేడి పై పొరలో) తరచుగా ఇనుము తక్కువ, నియాన్ ఎక్కువ. ఆ మోడల్‌ని అలాగే బిగించి ఉంచి, ఫ్లేర్ సమయానికి ఇంకో వేడి భాగం కలుపు. ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే సుమారు 1.16 కోట్ల కెల్విన్ అని గుర్తుంటే వచ్చిన అంకె నమ్మదగ్గదో కాదో చూడగానే తెలుస్తుంది.

ఫ్లేర్‌ని సమయం ప్రకారం ముక్కలు చేసేటప్పుడు అత్యాశ పడకు. లేచే భాగం చాలాసార్లు కొన్ని నిమిషాలే, ఫోటాన్లు కొద్దిగానే ఉంటాయి. మామూలుగా ఉష్ణోగ్రత ముందు శిఖరానికి చేరుతుంది, ఎమిషన్ మెజర్ (వెలిగే వేడి పదార్థం ఎంతుందో చెప్పే కొలత) ఆ తర్వాత. ముందు వేడెక్కుతుంది, ఆ వేడికి కరోనా కింది పొరైన క్రోమోస్ఫియర్ పదార్థం ఆవిరై పైకొచ్చి, వంపు తిరిగిన అయస్కాంత గొట్టంలాంటి లూప్‌ని నింపుతుంది. నీ లెక్కలో తలకిందులుగా వస్తే కొత్త సిద్ధాంతం మొదలుపెట్టే ముందు ముక్కలు మార్చి చూడు. చల్లారే సమయం ఒక్కటే పట్టుకుని లూప్ పొడవు చెప్పకు. చల్లారేటప్పుడు కూడా లోపల వేడి అందుతూ ఉంటే పొడవు లేనిపోనంత ఎక్కువ వస్తుంది.

2001 ఆగస్టులో ప్రాక్సిమా సెంటారీ మీద ఇదే టెలిస్కోపు పట్టిన పెద్ద ఫ్లేర్‌ని ఒకసారి చదువు. 22 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరుండే ఆక్సిజన్ మూడు వర్ణపట గీతల నిష్పత్తిని బట్టి ఫ్లేర్‌లో సాంద్రత పది రెట్లకు పైగా పెరిగిందని తేల్చారు. పదార్థం పైకొచ్చి నిండిందనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం నేను చూడలేదు. నీ నక్షత్రానికి ఆ గీతల్లో ఫోటాన్లు చాలవేమో, అయినా తీసి చూడు.

మన దేశపు అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ డేటా కూడా కలుపుతానన్నావు. మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్ 28న ఎగిరిందని నాకూ దానిమీద మమకారమే. కానీ అది సుమారు 650 కిలోమీటర్ల ఎత్తులో గంటన్నరకు పైచిలుకులో ఒక చుట్టు తిరుగుతుంది, ప్రతి చుట్టులో ఖాళీలు వస్తాయి. ఫ్లేర్ లేచిన ఘడియ ఆ ఖాళీలోనే పడొచ్చు. అక్కడ నున్నటి గీత గీసి అతికించకు, ఖాళీని ఖాళీగానే చూపించు.

ఆ 10 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల లైట్ కర్వ్ పంపాక ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. అమ్మని అడిగానని చెప్పు.

నీ మామయ్య