ఓడిన టీమ్ కోడ్ ఎవరిది?

కొలువుల ముచ్చట – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కా, నేను హన్మకొండలో బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది నర్సంపేట దగ్గర ఊరు. పోయినేడాది ఒక పెద్ద కంపెనీ పెట్టిన హ్యాకథాన్‌లో (టీమ్‌లు యాప్‌లు తయారుచేసి చూపించే పోటీ) మేం నలుగురం పాల్గొన్నాం. మిర్చి కుప్పను ఫోన్‌తో ఫొటో తీస్తే రంగు, తాలు చూసి గ్రేడ్ చెప్పే యాప్ చేశాం. దానికోసం సీజనంతా తెల్లవారకముందే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయి వేల ఫొటోలు తీశాం. ఫైనల్ దాకా పోయాం గానీ ప్రైజ్ రాలేదు, సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. ఈమధ్య అదే కంపెనీ రైతుల కోసం పెట్టిన యాప్‌లో ఫొటోతో గ్రేడ్ చెప్పే ఫీచర్ వచ్చింది. మా బాపు "మీ కష్టం వాళ్లు తిన్నరు, ఇంకోసారి పోకు" అంటున్నాడు. ఫ్రెండ్స్ మాత్రం ఈసారీ ఎంట్రీ వేద్దామంటున్నారు. ఈ పోటీలు మాలాంటివాళ్లకు న్యాయంగానే జరుగుతాయా? రూల్స్ కాపీ కూడా జతచేస్తున్నాను.
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, సీజన్‌లో ఎనుమాముల యార్డులో బస్తాల నడుమ నిలబడితే ఎట్లుంటదో నాకు తెలుసు. ఘాటుకు కండ్లు మండుతాయి, తుమ్ములు ఆగవు. కాంటా పడేలోపు ఫొటో తీసుకోవాలి, అడ్డం వస్తున్నారని హమాలీల చేత తిట్లు పడాలి. మిర్చిలో తేజ రకం వేరు, చపాటా రకం వేరు. పొద్దుటి వెలుతురులో ఒక రంగు, షెడ్డు కింద ఇంకో రంగు. అవన్నీ పట్టుకుని వేల ఫొటోలకు గ్రేడ్ రాసి పెట్టడమంటే అచ్చంగా పనే. మీ బాపుకు కోపం వచ్చింది ఆ పని విలువ తెలిసినందుకే. ఆయన మాటను కొట్టిపారేయకు.

అయితే ఫీచర్ కనబడ్డంత మాత్రాన మీది ఎత్తుకుపోయారని చెప్పలేం. ఫొటో చూసి గ్రేడ్ చెప్పాలన్న ఆలోచన ఇంకొకరికీ రావచ్చు, మీకంటే ముందే వచ్చి ఉండవచ్చు. కాపీరైట్ ఆలోచనకు ఉండదు, దాన్ని నువ్వు రాసిన తీరుకు ఉంటుంది. అంటే మీ కోడ్‌కు ఉంది, మీరు తీసిన ప్రతి ఫొటోకూ ఉంది. అందుకే నేనైతే ఫీచర్ సంగతి పక్కన పెట్టి, మీ ఫొటోలు ఎటుపోయాయని అడుగుతాను. ఇట్లాంటి యాప్‌లో ఫొటో చూసి గ్రేడ్ పట్టే ప్రోగ్రాం (మోడల్) రాయడం కష్టం కాదు, గ్రేడ్ రాసిపెట్టిన ఫొటోలు దొరకడమే కష్టం. మీరు అప్పజెప్పినవాటిలో అన్నిటికంటే ఖరీదైనవి అవే.

హైదరాబాద్‌లో చాలా ఏండ్లు సాఫ్ట్‌వేర్ పని చేసి వచ్చినదాన్ని. ఏ పోటీనైనా నేను ఒక్క విషయంతోనే తూస్తాను: ప్రైజ్ రాని టీమ్ దగ్గర నుంచి కంపెనీ ఏం ఉంచుకుంటోంది? గెలిచినవాళ్ల చెక్కు, ఫొటో అందరికీ కనబడతాయి. వంద టీమ్‌లు వస్తే మూడింటికి ప్రైజ్ వస్తుంది, మిగతావన్నీ ఉత్త చేతులతో బస్సెక్కుతాయి. పోటీ మంచిచెడ్డలు తేలాల్సింది ఆ బస్సెక్కినవాళ్ల దగ్గర.

ఆ లెక్కన కొన్ని పోటీలకు నాకు ఏ అభ్యంతరమూ లేదు. గూగుల్ కోడ్ జామ్ 2003 నుంచి 2023 దాకా నడిచింది. టీసీఎస్ కోడ్‌వీటా 2012లో మొదలైంది, మన కాలేజీల పిల్లలు ఏటా రాస్తుంటారు. ఇట్లాంటివాటిలో ఇచ్చే లెక్కకు జవాబు, ఆ లెక్క తయారుచేసినవాళ్ల దగ్గర ముందే ఉంటుంది. నువ్వు రాసిన ప్రోగ్రామును వాళ్లు ఏ ప్రొడక్టులోనూ పెట్టుకోరు. మంచి పిల్లలెవరో తెలుస్తుంది, కంపెనీకి పేరొస్తుంది, వాళ్ల లాభం అంతే. ఓడినా నీది ఏదీ పోదు, చేసిన సాధన నీ దగ్గరే ఉంటుంది.

చిక్కంతా రెండో రకంతోనే. కంపెనీకి నిజంగానే ఒక అవసరం ఉంటుంది, దాన్ని పోటీగా పెడుతుంది. ఇదీ పద్ధతిగా జరగవచ్చు. 2006 అక్టోబర్‌లో నెట్‌ఫ్లిక్స్ అట్లాంటి పోటీయే పెట్టింది. ఏ సినిమాకు ఎవరు ఎంత రేటింగ్ ఇస్తారో తమ సొంత ప్రోగ్రాం సినీమ్యాచ్ కంటే 10 శాతం మెరుగ్గా అంచనా కట్టినవాళ్లకు 10 లక్షల డాలర్లు ఇస్తామంది. అది దాదాపు మూడేండ్లు సాగింది. 2009లో చివరికి రెండు టీమ్‌లు నాలుగు దశాంశ స్థానాల దాకా సమానంగా నిలిచాయి. 20 నిమిషాలు ముందు పంపిన బెల్‌కోర్స్ ప్రాగ్మాటిక్ కేయాస్‌కు డబ్బంతా పోయింది, వెనకపడ్డ ది ఎన్‌సెంబుల్‌కు పైసా రాలేదు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అయినా దాన్ని నేను అన్యాయమనను. అందులో టీమ్‌లు పంపాల్సింది అంచనాల ఫైలు మాత్రమే. కోడ్ ఎవరిది వాళ్ల దగ్గరే ఉంది. గెలిచినవాళ్లు కూడా నెట్‌ఫ్లిక్స్‌కు వాడుకునే లైసెన్స్ ఇచ్చి, తమ పద్ధతిని లోకానికి వివరించాలన్నది షరతు. హక్కులు మొత్తం రాసివ్వమని అడగలేదు. ఓడిన టీమ్ మర్నాడు తన కోడ్‌ను ఇంకెక్కడైనా వాడుకోవచ్చు.

దీనికి ఎదురుగా ఇంకొకటి చూడు. 2007 నవంబర్‌లో గూగుల్ ఆండ్రాయిడ్ డెవలపర్ ఛాలెంజ్ ప్రకటించింది, ప్రైజులకు మొత్తం కోటి డాలర్లు. అప్పటికి ఆండ్రాయిడ్ ఫోన్లే మార్కెట్లోకి రాలేదు. యాప్‌లు రాసేవాళ్లు లేకపోతే ఆ ఫోన్లు నడవవు, ఆ అవసరం గూగుల్‌ది. జనం వచ్చారు, లోపాలున్న పాత ఎస్‌డీకేతోనే (యాప్‌లు రాయడానికి గూగుల్ ఇచ్చే పనిముట్ల కట్ట) కిందమీద పడి యాప్‌లు రాశారు. మొదటి రౌండ్‌లో 50 టీమ్‌లను ఎంపిక చేశాక, సరిచేసిన కొత్త ఎస్‌డీకేను గుట్టుగా ఆ 50 టీమ్‌లకే ఇచ్చారు. మిగతావాళ్లు నెలల తరబడి పాతదానితోనే వేగారు. 2008 వేసవిలో ఒక మెయిల్ పొరపాటున అందరికీ చేరడంతో సంగతి బయటపడింది. ప్రైజుల డబ్బు చూస్తే ఇది దొడ్డ పోటీ, ఓడినవాళ్లను చూసిన తీరు మాత్రం బాగాలేదు.

ఇక మీ రూల్స్. ప్రైజుల పట్టిక దాటి, అర్హతలు దాటి, ఎవరూ చదవని చోట ఆ పేరా ఉంది. పంపిన కోడ్, డేటా, డిజైన్, వీడియో అన్నిటినీ, ప్రైజ్ వచ్చినా రాకున్నా, కంపెనీ ప్రపంచంలో ఎక్కడైనా, ఎప్పటికీ, ఏమీ చెల్లించకుండా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. మీరిచ్చిన ఈ అనుమతిని వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆ కింద ఇంకో వాక్యం: ఇట్లాంటిదే కంపెనీ సొంతంగా తయారు చేసుకున్నా మీరు అడగడానికి వీల్లేదు.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. వరంగల్ కొత్తవాడలో ఒక షావుకారు మగ్గాలన్నిటినీ తలా ఒక జంపఖానా నేసి తెమ్మని, నచ్చిన ఒక్కదానికి డబ్బులిచ్చి, మిగతావి కూడా తన కొట్లోనే ఉంచుకుంటే నేసినోళ్లు ఊరుకుంటారా? కోడ్ కాపీ తీసుకుంటే నీ దగ్గరిది తరిగిపోదని కంపెనీ అనవచ్చు. కానీ మీ ఫొటోలను అమ్ముకునే దారి ఇరుకైపోయింది కదా! రేపు ఇంకో కంపెనీ వచ్చి వీటికి ధర కడదామనుకుంటే, "ఫలానా వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నాయి" అన్న మాటతోనే బేరం సగం పడిపోతుంది.

చట్టం సంగతి కొంచెం చెప్తాను, ఇది చదువుతున్న మిగతా పిల్లలకూ పనికొస్తుంది. మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కిందే లెక్కగడతారు. 17వ సెక్షన్ ప్రకారం రాసినవాళ్లే మొదటి హక్కుదారులు. ఫొటోకు తీసినవాళ్లు. హక్కును మొత్తంగా రాసివ్వాలంటే 19వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేండ్లకో రాయకపోతే 5 ఏండ్లకే అనుకోవాలి, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియాకే అనుకోవాలి. అందుకే కంపెనీల లాయర్లు "ఎప్పటికీ", "ప్రపంచమంతటా" అని మరీ రాయిస్తారు. మీ రూల్స్‌లో అడిగింది వాడుకునే లైసెన్స్ మాత్రమే, హక్కు ఇంకా మీదే. కాబట్టి మీ యాప్‌ను మీరు పెంచుకోవచ్చు, మార్కెట్లో పెట్టుకోవచ్చు, ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో ధైర్యంగా చూపించుకోవచ్చు. ఎవరైనా కాదంటే ఈ మాట చెప్పు.

ఇప్పుడు చేయాల్సింది, ఆ కంపెనీ పోటీ విభాగానికి నలుగురి పేర్లతో ఒక మెయిల్ పెట్టండి. నిందలు వద్దు. టీమ్ నంబరు, ఎంట్రీ పంపిన తేదీ రాసి, మా ఫొటోలను మీ ఫీచర్‌కు వాడారా, వాడితే మా పేర్లు ఎక్కడైనా వేస్తారా అని సూటిగా అడగండి. గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) మీ పాత కమిట్‌లు, అంటే తేదీతో నమోదైన మార్పులు, ఫోన్లో ఒరిజినల్ ఫొటోలు చెరిపేయకండి. ఎప్పుడు ఏం చేశారో వాటి మీద తేదీలే చెప్తాయి.

ఈసారి ఎంట్రీ వేయాలా అంటే, రూల్స్‌లో ఓడిన టీమ్ గురించి ఏం రాశారో ముందు చూడండి. గెలిచినవాళ్ల దగ్గరే లైసెన్స్ తీసుకుంటామని ఉంటే నిశ్చింతగా పోండి. అందరి దగ్గరా తీసుకుంటామని ఉంటే, యాప్ నడవడానికి కావలసినంతే ఇవ్వండి. డెమోకు యాభై ఫొటోలు చాలు, వేలు ఇవ్వాల్సిన పనిలేదు. మొత్తం డేటా ఇస్తేనే ఎంట్రీ అంటే, ఆ పోటీ మీ కష్టానికి తగింది కాదు. వదిలేయండి.

ఇంకొక్క మాట, జడ్జిగా కూర్చున్న చోట్ల నేను కళ్లారా చూసింది. టీమ్‌కు ఐదు నిమిషాల డెమో ఇస్తారు, అందులో నెట్ ఆగిందంటే పిల్లలకు టెన్షన్‌తో నోట మాట రాదు. కోడ్ తెరిచి చూసే తీరిక జడ్జిలకు ఉండదు. గడగడా ఇంగ్లిష్ మాట్లాడి, రంగురంగుల స్లైడ్లు చూపించే టీమ్ ముందుకు పోతుంది. ములుగు నుంచి, పరకాల నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల రాత్రంతా కూర్చుని రాసిన మంచి కోడ్ అట్లాగే మరుగున పడిపోతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. పోటీ పెట్టేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి కోడ్‌కు విడిగా మార్కులు పెట్టండి, ఓడిన టీమ్‌కు ఎక్కడ తగ్గిందో నాలుగు వాక్యాలు రాసివ్వండి. వాళ్ల రాత్రుళ్లకు బదులుగా అదైనా ఇవ్వాలి.

ప్రశ్న: మేడమ్, నేను మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తాను. మా కంపెనీ శని, ఆదివారాల్లో ఉద్యోగులకే హ్యాకథాన్ పెట్టింది. ఇష్టముంటేనే రమ్మన్నారు గానీ, మేనేజర్ రానివాళ్ల పేర్లు రాసుకున్నాడు. ప్రైజ్ ఒక గిఫ్ట్ వోచర్. మేం చేసింది తర్వాతి నెలలో క్లయింట్‌కు పోయింది. అడగవచ్చా?
– ఒక ఉద్యోగిని, కాజీపేట

జవాబు: తప్పకుండా అడగండి. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకుంటే, 17వ సెక్షన్ ప్రకారం కంపెనీయే మొదటి హక్కుదారు. కాబట్టి కోడ్ మాదని వాదించడం దండగ. మీరు అడగాల్సింది టైం గురించి. రానివాళ్ల పేర్లు రాసుకున్న రోజే అది డ్యూటీ అయింది. రెండు రోజులకు కాంపాఫ్ (బదులు సెలవు), అప్రైజల్‌లో ఆ పని మీ పేరుతో నమోదు, ఈ రెండూ హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా అడగండి. ఒంటరిగా కాకుండా టీమంతా కలిసి సంతకాలు పెట్టి ఇవ్వండి. ఇంట్లో చిన్నపిల్లలున్న ఆడవాళ్లకు ఆదివారం ఎంత విలువైందో మేనేజర్‌కు తెలియాలంటే ఒకరైనా నోరు విప్పాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్‌లో చేరాడు. 1,500 రూపాయలు కడితే నేషనల్ కోడింగ్ పోటీ, సర్టిఫికెట్, ఇంటర్న్‌షిప్ గ్యారంటీ అని ఫోన్ వచ్చింది. కట్టమంటారా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: కట్టకండి. పేరున్న కంపెనీల కోడింగ్ పోటీలకు ఫీజు ఉండదు. కోడ్‌వీటాకు లేదు, ఫేస్‌బుక్ 2011లో మొదలుపెట్టిన హ్యాకర్ కప్‌కూ లేదు. ముందే ఇంటర్న్‌షిప్ గ్యారంటీ అంటే ఇక పోటీ దేనికి? బాబుకు సాధన కావాలంటే కోడింగ్ పోటీలు పెట్టే కోడ్‌చెఫ్ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరవమనండి. బుధవారం రాత్రి 8 గంటలకు పోటీ ఉంటుంది, అయిపోయాక జవాబులు కూడా పెడతారు. ఆ 1,500తో నెట్ రీఛార్జ్ చేయించండి.